మైదానంలో సంజ్ఞాభాష – గాలొడెట్ కళాశాల ఫుట్‌బాల్ చరిత్ర చెప్పే పాఠం

చిన్న కళాశాలకు క్రీడలు ఎందుకు అన్న ప్రశ్న, ఏటేటా బడ్జెటు కాగితాలు బల్లమీదికి వచ్చినప్పుడల్లా తలెత్తుతూనే ఉంటుంది. గ్రంథాలయానికి పుస్తకాలు కావాలి. ప్రయోగశాలకు పరికరాలు కావాలి. వానాకాలంలో కారే గది కప్పుకు మరమ్మతు కావాలి. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఉన్న పిండిలో బంతికీ, వలకూ, బూట్లకూ భాగం పెట్టడం న్యాయమా అని అడిగేవారిని తప్పుపట్టలేము. దీనికి మనం సాధారణంగా చెప్పే సమాధానాలు రెండు. క్రీడలు ఆరోగ్యాన్నిస్తాయన్నది మొదటిది. విజయాలు కళాశాలకు కీర్తి తెస్తాయన్నది రెండవది. ఈ రెండూ సత్యమే అయినా సంపూర్ణమైన సమాధానాలు కావు. మూడవది ఒకటి ఉన్నది. అది అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలోని ఒక చిన్న కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో స్పష్టంగా కనబడుతుంది. ఆ కళాశాల పేరు గాలొడెట్. అది బధిరుల కళాశాల.

మన ప్రాంతంలో ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే గుండ్రని బంతీ, హైదరాబాదు మైదానాలూ, సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గుర్తుకు వస్తారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆ మహనీయుని శిక్షణలోనే భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానాన్నీ, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాన్నీ సాధించింది. అయితే అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆట వేరు. అక్కడ బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని ఎక్కువగా చేతితోనే పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని ఆ దేశపు కళాశాల ఫుట్‌బాల్‌కు ఆరంభంగా లెక్కిస్తారు. 1880లో జట్టుకు పదకొండుగురు అన్న నియమం ఏర్పడింది.

ఈ ఆటలోని ఒక లక్షణాన్ని తెలుసుకుంటేగాని తక్కిన కథ బోధపడదు. మన ఫుట్‌బాల్ ఏటి ప్రవాహంలా ఆగకుండా సాగుతుంది. అమెరికా ఫుట్‌బాల్ చదరంగంలా ఎత్తు వెంట ఎత్తుగా నడుస్తుంది. బంతి పట్టినవాణ్ణి పడవేయగానే ఆట ఆగుతుంది. ఇరుపక్షాలూ మళ్ళీ ఎదురెదురుగా బారులు తీరుతాయి. నేటి నియమం ప్రకారం నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. ఎత్తుకూ ఎత్తుకూ మధ్య దొరికే ఆ కొద్ది క్షణాలలో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు తరువాతి ఎత్తు ఏమిటో తనవారికి తెలియజేయాలి. ఎదుటివారికి మాత్రం అది తెలియరాదు. వినగలవారు సంకేత పదాలతోనో, అంకెలతోనో కేకవేసి చెప్పేవారు. మరి వినలేనివారు ఏమి చేయాలి?

ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్న కళాశాల పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పుకోవాలి. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వంలో పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేసిన ఏమోస్ కెండాల్ ఇచ్చిన స్థలంలో ముందుగా పాఠశాల వెలసింది. 1864లో, అంతర్యుద్ధం సాగుతూ ఉండగానే, ఆ సంస్థకు డిగ్రీలు ప్రదానం చేసే అధికారమిచ్చే శాసనంపై అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేశాడు. సంస్థను నడిపినవాడు ఎడ్వర్డ్ మైనర్ గాలొడెట్. ఆయనకు వినికిడి ఉన్నది, కాని ఆయన తల్లి బధిరురాలు. కావున సైగల భాష ఆయనకు పుస్తకాలలో నేర్చుకున్న విద్య కాదు, తల్లి ఒడిలో అబ్బిన భాష. అమెరికాలో బధిరుల విద్యకు పునాదులు వేసిన ఆయన తండ్రి థామస్ హాప్కిన్స్ గాలొడెట్ పేరు 1894లో కళాశాలకు పెట్టారు. 1986లో అది విశ్వవిద్యాలయమైనది.

ఆ కళాశాల విద్యార్థులు ఫుట్‌బాల్ ఆడడం ప్రారంభించిన సంవత్సరం 1883. ఆ కాలం ఎటువంటిదో గమనింపదగినది. అంతకు మూడేళ్ళ ముందు, 1880లో, ఇటలీ దేశపు మిలాన్ నగరంలో బధిరుల విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. బధిర బాలలకు సైగలతో కాక నోటి మాటతోనే చదువు చెప్పాలని ఆ సభ తీర్మానించింది. అమెరికా ప్రతినిధులు వ్యతిరేకించారు, కాని వారి మాట చెల్లలేదు. ఎవరి చదువును గురించి ఆ తీర్మానం జరిగిందో, ఆ బధిరులలోనుంచి ప్రతినిధిగా కూర్చున్నవాడు ఒకే ఒక్కడు. అతడు గాలొడెట్ ప్రాంగణంలోని కెండాల్ పాఠశాలకు ప్రధానాచార్యుడైన జేమ్స్ డెనిసన్. ఇక సరిగ్గా 1883లోనే, టెలిఫోను సృష్టికర్తగా లోకప్రసిద్ధుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్, అమెరికా శాస్త్రవేత్తల జాతీయ అకాడమీ ఎదుట ఒక ప్రబంధం చదివాడు. బధిరులు తమలో తాము కలసిమెలసి ఉండడమూ, తమలో తాము వివాహాలు చేసుకోవడమూ ప్రమాదకరమని ఆయన వాదం. సైగల భాష వారిని ఇతరులనుండి వేరుచేస్తున్నదని ఆయన అభిప్రాయపడ్డాడు.

లోకంలోని విద్వాంసులు వారి భాషను తుడిచిపెట్టాలని తలపోస్తున్న రోజులలోనే ఆ విద్యార్థులు ఆ భాషతో మైదానంలోకి దిగారు. ఎవరితోనూ వాదానికి దిగలేదు. ఆడుకున్నారు, అంతే.

1890ల తొలి సంవత్సరాలలో ఆ జట్టుకు పాల్ హబ్బర్డ్ అనే విద్యార్థి క్వార్టర్‌బ్యాక్‌గా ఉండేవాడు. అతడు తన ఎత్తులను సైగలతో చెప్పేవాడు. వినగల జట్లతో తలపడినప్పుడు ఆ సైగలు చాలావరకు సురక్షితమే. కాని బధిరుల జట్లతో ఆడవలసి వచ్చినప్పుడు చిక్కు వచ్చింది. ఎదుటివాడికీ అదే భాష తెలుసు. అతడు అల్లంత దూరంనుంచే చేతులను చదివి, ఎటు పరుగెత్తుతారో ముందుగానే గ్రహిస్తాడు. హబ్బర్డ్ దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. ప్రతి ఎత్తుకూ ముందు తన జట్టువారినందరినీ చుట్టూ వలయంగా నిలబెట్టాడు. వారి వీపులు బయటి లోకానికి గోడలైనాయి. ఆ గోడల మధ్య అతని చేతులు నిర్భయంగా మాట్లాడాయి.

ఆ వలయానికే ఇంగ్లీషులో హడల్ అని పేరు. మన తెలుగు చెవికి ఆ మాట వినగానే భయం స్ఫురించవచ్చుగాని, నిజానికి అది భయాన్ని పోగొట్టడానికి పుట్టిన ఏర్పాటు. నేడు అమెరికాలో ఏ ఫుట్‌బాల్ పోటీలో చూసినా ఆటగాళ్ళు ఎత్తుకు ముందు గుమిగూడి ఆలోచించుకోవడం కనిపిస్తుంది. ఆ మాటకొస్తే మన క్రికెట్ జట్లు సైతం మైదానంలోకి దిగగానే భుజాలపై చేతులు వేసుకొని వలయంగా నిలబడుతున్నాయి. దీనిని కనిపెట్టిన ఘనత తమదేనని చెప్పుకునేవారు ఇతరులూ లేకపోలేదు. షికాగో విశ్వవిద్యాలయపు శిక్షకుడు ఏమోస్ అలొంజో స్టాగ్ పేరు కొందరు చెబుతారు. 1920ల దశకంలో ఇల్లినాయి విశ్వవిద్యాలయపు రాబర్ట్ జుప్కే దానిని బహుళ ప్రచారంలోకి తెచ్చాడని మరికొందరు అంటారు. ప్రచారంలోకి తెచ్చినవారు ఎందరైనా ఉండవచ్చు. అయినా హబ్బర్డ్ వలయం వీరి కీర్తికంటె ముందే గాలొడెట్ మైదానంలో ఏర్పడిందన్నది కాలక్రమాన్ని చూస్తేనే తెలుస్తుంది. హబ్బర్డ్ తరువాత కాన్సాస్ రాష్ట్రంలోని బధిరుల పాఠశాలకు ఉద్యోగిగా వెళ్ళి, 1899లో అక్కడి పిల్లలకు కూడా ఈ ఆట నేర్పాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచింపవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ కథను చెప్పేవారు సాధారణంగా దీనిని ఒక లోపాన్ని జయించిన ఉపాయంగా వర్ణిస్తారు. ‘చెవులు లేకపోయినా ఎంత తెలివి!’ అని మెచ్చుకుంటారు. ఈ మెచ్చుకోలులో కొంత పొరపాటు ఉన్నదని నా అభిప్రాయం. హబ్బర్డ్ వలయాన్ని కట్టింది వినికిడి లేనందుకు కాదు, భాష ఉన్నందుకు. సైగలు అర్థంలేని చేతుల ఆటే అయితే, పండితులు భావించినట్లు అది భాషే కాకపోతే, దానిని దాచవలసిన అగత్యమేమున్నది? దూరాన నిలబడ్డ పరాయి జట్టువాడు సైతం తప్పులేకుండా చదివి అర్థం చేసుకోగలిగినంత సమగ్రమైనది కాబట్టే దానికి చాటు అవసరమైనది. మిలాన్ సభ కాదన్న సత్యానికి ఆ ఆటగాళ్ళ వీపులే సాక్ష్యం పలికాయి.

విద్వల్లోకం ఆ సత్యాన్ని అంగీకరించడానికి మరి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1955లో గాలొడెట్‌లో ఆంగ్ల సాహిత్య బోధకుడుగా చేరిన విలియం స్టోకో, తన విద్యార్థుల చేతులను శ్రద్ధగా గమనించి, వారి సైగలకు స్వతంత్రమైన నిర్మాణం ఉన్నదని 1960లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. మొదట్లో సహాధ్యాపకులే ఆయనను నమ్మలేదు. చివరకు 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ, మిలాన్ తీర్మానాలను తిరస్కరించి విచారాన్ని ప్రకటించింది. మైదానంలో విద్యార్థులకు 1890లలోనే తెలిసిన విషయం మహాసభల వరకు చేరడానికి ఒక శతాబ్దం మించి కాలం పట్టిందన్నమాట.

అయితే ఈ చరిత్ర అంతా విజయపరంపర అనుకోరాదు. చిన్న కళాశాల కావడంచేత ఆటగాళ్ళ కొరత వారిని ఎన్నడూ వదలలేదు. పెద్ద విశ్వవిద్యాలయాల చేతిలో ఓడిన సంవత్సరాలు అనేకం. మైదానం పక్కన పెద్ద డోలు నిలిపి, దాని మోత గుండెకు తగిలే అదురునుబట్టి ఆట ప్రారంభించే పద్ధతిని కూడా వారు అవలంబించారు. 1990ల దశకంలో జట్టు కళాశాలల పోటీస్థాయినుండి క్లబ్ స్థాయికి దిగిపోయింది. 2007లో తిరిగి మూడవ శ్రేణి పోటీలలో ప్రవేశించింది. ఆ శ్రేణిలో ఆటను చూసి విద్యార్థివేతనం ఇవ్వడమన్నది లేదు. చదువుకోవడానికి వచ్చినవారే ఆడుకుంటారు. 2013లో ఆ జట్టు తొమ్మిది పోటీలు గెలిచి, ఒక్కటి మాత్రమే ఓడి, మొట్టమొదటిసారి జాతీయ స్థాయి అనంతర పోటీలకు అర్హత పొందింది. పోటీ ప్రారంభమైన 1883కూ, ఈ అర్హతకూ మధ్య నూటముప్పై ఏళ్ళు. కీర్తి కోసమే ఆడి ఉంటే వారు ఎన్నడో విరమించుకొని ఉండేవారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. గాలొడెట్ రచ్చ గెలిచిందిగాని ఇంట గెలవడానికి చాలాకాలం పట్టిందని చెప్పకపోతే నేను సత్యాన్ని దాచినవాడినవుతాను. తాము లోకంచేత వెలివేయబడ్డామని బాధపడిన ఆ సంస్థ, నల్లజాతి బధిరులను తన గుమ్మం వద్దనే నిలిపివేసింది. ఆ కళాశాలనుండి పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి బధిరుడు ఆండ్రూ ఫాస్టర్. అది 1954వ సంవత్సరం. ఆయన తరువాత ఆఫ్రికా ఖండానికి వెళ్ళి బధిర బాలలకు ముప్పైకి పైగా పాఠశాలలు స్థాపించాడు. ఇటువంటివారు ఎందరిని ఆ గుమ్మం ముందుగానే పోగొట్టుకున్నదో ఊహించుకోవలసిందే. అల్పసంఖ్యాకులమన్న స్పృహ ఒక్కటే మనిషిని ఉదారుణ్ణి చేయదు. తనకు జరిగిన అన్యాయాన్ని గుర్తుంచుకోవడం సులభం. తన చేత జరుగుతున్న అన్యాయాన్ని గుర్తించడమే కష్టం. వలయం లోపలివారికి రక్షణ ఇస్తుంది, నిజమే. కాని అదే వలయం కొందరిని బయట నిలబెడుతుందని కూడా మరువరాదు.

రెండవ లోపం పాలనకు సంబంధించినది. 1890లలో ఒక బధిర విద్యార్థి మైదానం మధ్య నిలబడి పదిమందికి మార్గం నిర్ణయించగలిగాడు. కాని ఆ కళాశాల పరిపాలనాపీఠంపై ఒక బధిరుడు కూర్చోవడానికి 1988 వరకు ఆగవలసి వచ్చింది. అంతవరకు అధ్యక్షులుగా పనిచేసిన ఆరుగురూ వినికిడి గలవారే. 1988 మార్చిలో పాలకమండలి మళ్ళీ వినికిడి గల వ్యక్తినే నియమించగా విద్యార్థులు తరగతులు బహిష్కరించి, ద్వారాలు మూసివేసి, వారం రోజులపాటు శాంతియుతంగా ఆందోళన సాగించారు. కొత్త అధ్యక్షురాలు వైదొలగింది. బధిరుడైన కింగ్ జోర్డాన్ అధ్యక్షుడైనాడు. పాలకమండలిలో బధిరులే అధికసంఖ్యాకులుగా ఉండాలన్న కోరిక కూడా నెరవేరింది. కళాశాల స్థాపనకూ దీనికీ నడుమ నూటయిరవై నాలుగేళ్ళు. తమ పని తాము నిర్ణయించుకోగలమని మైదానంలో తరతరాలుగా నిరూపించుకున్నవారిని కార్యాలయం నమ్మడానికి అంత ఆలస్యమైంది.

నేను చెప్పదలచిన మూడవ సమాధానం ఇదే. విద్యార్థి తన భాషలో, తన తోటివారితో, తన నిర్ణయం తాను చేసుకోవడం నేర్చుకొనే మొదటి స్థలం ఆటస్థలం. తరగతి గదిలో ప్రశ్న మనది, సమాధానపత్రం మనది, మార్కులూ మనవే. మైదానంలో మాత్రం ప్రశ్నా వారిదే, సమాధానమూ వారిదే, పర్యవసానమూ వారే అనుభవిస్తారు.

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. అమెరికా ఫుట్‌బాల్ ప్రమాదకరమైన ఆట. 1905లో ఒక్క సంవత్సరంలోనే పద్దెనిమిదిమంది మరణించారని పత్రికలు ప్రకటించగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. ఆ దేశంలో ఫుట్‌బాల్ జట్టును నడపడం చిన్న కళాశాలలకు మోయలేని భారంగా పరిణమించిన సందర్భాలూ ఉన్నాయి. టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్‌లో, నల్లజాతివారి విద్యకోసం వెలసిన పాల్ క్విన్ కళాశాల, ఆర్థికంగా కుంగిపోయిన స్థితిలో 2007లో ఫుట్‌బాల్‌ను రద్దుచేసి, 2010లో ఆ మైదానాన్నే కూరగాయలు పండించే తోటగా మార్చింది. తాజా ఆహారం దొరకని ఆ పరిసరాలలో అది ఎంతో వివేకవంతమైన పని. నేను దానిని తప్పుపట్టను. అక్కడ కూడా విద్యార్థులు ఆ నేలపై శ్రమిస్తున్నారు, నేర్చుకుంటున్నారు. ఫలానా ఆట ఉండి తీరాలని నా వాదం కాదు. విద్యార్థులు తమ చేతులతో ఏదో ఒకటి నిర్వహించుకొనే నేల ప్రతి కళాశాలలోనూ కొంత మిగిలి ఉండాలన్నదే నా వాదం.

చివరగా ఇటీవలి విషయం ఒకటి. 2023 అక్టోబరులో గాలొడెట్ జట్టు ఒక కొత్త శిరస్త్రాణంతో ఆడింది. శిక్షకుడు పలకవంటి యంత్రంపై ఎంచుకున్న ఎత్తు, క్వార్టర్‌బ్యాక్ కంటి ముందున్న చిన్న అద్దంపై అక్షరాలుగా ప్రత్యక్షమవుతుంది. వినికిడి గల వృత్తి ఆటగాళ్ళకు శిరస్త్రాణంలో రేడియో 1994లోనే వచ్చింది. బధిరులకు సమానమైన సదుపాయం ఏర్పడడానికి ఇంతకాలం పట్టింది. ఆ ఒక్క పోటీకి ప్రయోగాత్మకంగా అనుమతి లభించింది, ఆ పోటీలో వారు గెలిచారు కూడా. సంతోషించవలసినదే. కాని అద్దంపై అక్షరాలు చదివిన ఆ యువకుడు ఆ తరువాత ఏమి చేయాలి? తనవారిని చేరదీసి, వలయం కట్టి, చేతులతో చెప్పాలి. యంత్రం కబురు తేగలదు. దానిని పదిమంది మనసులలో ఒక్కటిగా నాటే పని ఇప్పటికీ ఆ పాత వలయానిదే.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటి భాష ఏదైనా, అది తరగతి గదికి తగదని ఎవరైనా అంటే నొచ్చుకోకండి, దాచుకోకండి. దానితో ఏదైనా పని చేసి చూపండి. మీరు కట్టిన వలయంలో కొత్తవాడికి చోటుందో లేదో మాత్రం ప్రతిసారీ వెనుదిరిగి చూసుకోండి.

కార్యవర్గంలోని పెద్దలకు నా మనవి ఒక్కటే. ఆటల పద్దుకు ఎంత కేటాయించాలన్నది మీ విజ్ఞతకే వదలిపెడుతున్నాను. కాని ఆ కేటాయించిన కొద్ది మొత్తాన్ని ఏ ఆటకు, ఎలా ఖర్చు పెట్టాలో విద్యార్థులనే కూర్చుండబెట్టి నిర్ణయించమనండి. వారు పొరపాటు పడవచ్చు. హబ్బర్డ్ సైగలను కూడా ఎదుటివారు మొదట చదివివేశారు. పొరపాటు పడే అవకాశం ఇచ్చినందువల్లనే అతనికి ఉపాయం తోచింది. నమ్మడానికి గాలొడెట్‌కు నూటయిరవై నాలుగేళ్ళు పట్టింది. మనం అంతకాలం ఆగనక్కరలేదు.